ఆ పిల్లుల షార్ట్ నేనే ఎందుకు డిలీట్ చేశానంటే

ముందే చెప్తున్నా, ఈరోజు ఎపిసోడ్‌లో కామెడీ తక్కువ. చాలా రోజుల నుంచి మీరు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ట్రంప్ కుక్కలు పిల్లుల షార్ట్ ఏమైంది? స్ట్రైక్ పడిందా?" స్ట్రైక్ ఏం పడలేదు. నేనే తీసేశా. ఎందుకు తీసేశానో చెప్పాలంటే ఆ పొద్దున దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

2024 సెప్టెంబర్ 11, బుధవారం. అమెరికాలో ఇంకా 10వ తారీఖు రాత్రి తొమ్మిది. మనకి పొద్దున ఆరున్నర. ఫిలడెల్ఫియాలో ట్రంప్, కమలా హారిస్ డిబేట్. ఏబీసీ ఛానల్ పెట్టింది. హాల్లో ఆడియన్స్ లేరు, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి మైక్ మ్యూట్. మనకేమో వినాయక చవితి అయ్యి ఐదో రోజు. మా వనస్థలిపురం గల్లీలో మండపం దగ్గర పొద్దున పూజకి సామాన్లు సర్దుతున్నారు. అక్కడే ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరు ముగ్గురు అంకుల్స్ ఫోన్‌లో డిబేట్ లైవ్ చూస్తున్నారు. ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ దాకా మన సైడ్ సంగతి మీకు తెలిసిందే కదా. గల్లీకి నాలుగు ఇళ్ళ నుంచైనా ఒకడు టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాడు. అక్కడ ప్రెసిడెంట్ ఎలక్షన్ అంటే ఇక్కడ మన వార్డు ఎలక్షన్ లెక్కే.

డిబేట్ ఇంకా అయిపోలేదు, గ్రూపుల్లో తీర్పులు వచ్చేశాయి. మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఒకాయన: "హారిస్ గెలిస్తే హెచ్-1బి ఈజీ." ఇంకొకాయన: "ట్రంపే మోదీకి దోస్తు, మన పిల్లలకి ఆయనే మంచిది." మధ్యాహ్నానికి ఇంకో ఫార్వర్డ్ దిగింది. హారిస్ పెట్టుకున్న చెవి కమ్మల్లో ఇయర్‌ఫోన్ ఉందంట, వెనక నుంచి ఎవరో ఆన్సర్లు చెప్తున్నారంట. అవి మామూలు ముత్యాల కమ్మలే. కానీ ఆ ఫార్వర్డ్ నాకే మూడు గ్రూపుల్లో వచ్చింది.

నేను సాఫ్ట్‌వేర్ చేసినోణ్ణి కదా, ఒక అలవాటు పోలేదు. డిబేట్ ట్రాన్‌స్క్రిప్ట్ ఓపెన్ చేసి కంట్రోల్ ఎఫ్ కొట్టా. హెచ్-1బి: సున్నా. గంటన్నర డిబేట్‌లో ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. అబార్షన్ వచ్చింది, ఉక్రెయిన్ వచ్చింది, టారిఫ్‌లు వచ్చాయి, బోర్డర్ వచ్చింది. మన వీసా రాలేదు. అంటే మా కాలనీ గ్రూప్‌లో పొద్దంతా కొట్టుకున్నది డిబేట్‌లో లేని టాపిక్ మీద. అది చూసి నాకు నవ్వొచ్చింది. పెద్దవాళ్ళు వినకుండానే మాట్లాడతారు, మనం అట్ల కాదు అనుకున్నా. ఆ తర్వాత నేను చేసింది వినండి.

ఆ డిబేట్‌లో అందరికీ గుర్తున్న ముక్క ఒకటుంది. ఒహాయోలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, బయటి నుంచి వచ్చినవాళ్ళు అక్కడివాళ్ళ కుక్కల్ని, పిల్లుల్ని తింటున్నారని ట్రంప్ అన్నాడు. యాంకర్ డేవిడ్ మ్యూర్ అక్కడికక్కడే ఆపి, "ఆ ఊరి సిటీ మేనేజర్‌ని అడిగాం, అట్లాంటివి జరిగినట్టు నమ్మదగ్గ రిపోర్టులు లేవన్నారు" అని చెప్పాడు. నేను ట్రంప్ మాట్లాడిన ముక్క మాత్రం కట్ చేశా. యాంకర్ ఆపిన ముక్క కట్‌లోకి రాలేదు. అది పెడితే పంచ్ పోతుంది కదా! కింద తీన్మార్ బీట్, మా గల్లీ పిల్లి విజువల్స్, ఒక కుక్క భయపడి పరుగెత్తే క్లిప్. 40 సెకన్ల షార్ట్. అప్పటిదాకా నా ఛానల్‌లో ఏదీ అంత ఆడలేదు. నేను జాబ్ మానేసి మూడు నెలలైంది అప్పటికి. ఇంట్లో రోజూ అడిగే ప్రశ్నకి జవాబు దొరికిందనుకున్నా.

శనివారం నాకో కాల్ వచ్చింది. నా బీటెక్ రూమ్మేట్. పేరు చెప్పను. డేటన్‌లో ఉంటాడు. మ్యాప్ ఓపెన్ చేసి చూడండి, స్ప్రింగ్‌ఫీల్డ్‌కి డేటన్ పక్క ఊరే, కారులో అరగంట.

"మామా, వీడియో బాగుంది రా," అన్నాడు. గొంతులో ఏదో తేడా ఉంది.

"ఏమైంది రా?" అన్నా.

"నిన్న షాపులో బిల్లింగ్ లైన్‌లో ఉన్నా. వెనక ఒకడు నా బండిలో సామాన్లు చూసి, కుక్క మాంసం దొరకలేదా అన్నాడు. వాడి పక్కనోడు నవ్విండు. నేను కూడా నవ్విన మామా. ఏం చెయ్యాలో తెల్వక నవ్విన."

నేనేం మాట్లాడలేదు. వాడే మళ్ళీ అన్నాడు: "రూంకి వచ్చి ఫోన్ చూస్తే అమ్మ నీ వీడియో పంపింది. నాలుగు నవ్వే ఎమోజీలు పెట్టి."

వాళ్ళమ్మ మాకు రెండు గల్లీల అవతలే ఉంటుంది. ఆంటీ చేతి పప్పుచారు నేను లెక్కలేనన్నిసార్లు తిన్నా. ఆ కాల్ పెట్టేశాక నేను మొదటిసారి స్ప్రింగ్‌ఫీల్డ్ గురించి కూర్చొని చదివా. వీడియో చేసి మూడు రోజులయ్యాక చదివా. ఆ ఆర్డర్ గమనించండి.

60 వేలు కూడా లేని ఊరు అది. కొన్నేళ్ళుగా హైతీ దేశం నుంచి వేలమంది వచ్చి అక్కడి ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో పనులకి కుదిరారు. వాళ్ళలో చాలామందికి అప్పట్లో టీపీఎస్ అని తాత్కాలిక రక్షణ ఉండేది. అంటే అప్పటికి చట్టప్రకారమే ఉన్నారు. ఊరికి ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఇళ్ళ అద్దెలు పెరిగాయి, ఆసుపత్రుల మీద, బళ్ళ మీద భారం పడింది. దాని మీద వాదించుకోవచ్చు, అది నిజమైన సమస్య. కానీ డిబేట్ తర్వాత జరిగింది వేరు. రెండు రోజులకే బాంబు బెదిరింపుతో సిటీ హాల్ ఖాళీ చేయించారు. స్కూళ్ళలోంచి చిన్న పిల్లల్ని బయటికి పంపించారు. 30కి పైగా బెదిరింపులు వచ్చాయి, అన్నీ ఉత్తుత్తివే అని ఒహాయో గవర్నర్ మైక్ డివైన్ చెప్పాడు. ఆయన ట్రంప్ పార్టీయే. పుట్టింది కూడా స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే.

నేను తీన్మార్ బీట్ వేసింది దీనికి. షార్ట్ తీసేశా. తీసేసే టైమ్‌కి చూడాల్సినవాళ్ళందరూ చూసేశారు, డౌన్‌లోడ్ చేసి స్టేటస్‌లు కూడా పెట్టుకున్నారు. కాబట్టి దాన్ని పెద్ద త్యాగం లెక్క చెప్పుకోను.

ఇక్కడితో అయిపోతే ఇది నా తప్పు కథ మాత్రమే. కానీ తర్వాత డిబేట్ ఇంకా మన ఇంటి దగ్గరికి వచ్చింది. అక్టోబర్ 1 రాత్రి న్యూయార్క్‌లో వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థుల డిబేట్. జేడీ వాన్స్, టిమ్ వాల్జ్. మనకి అక్టోబర్ 2 పొద్దున. గాంధీ జయంతి సెలవు, పైగా ఆరోజే ఎంగిలిపూల బతుకమ్మ. రైతు బజార్ దగ్గర తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. గ్రూపుల్లో మాత్రం ఒకటే మాట: "మన అల్లుడు ఇరగదీసిండు." వాన్స్ భార్య ఉషా చిలుకూరి మన తెలుగమ్మాయి. వాళ్ళ పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. గర్వపడటంలో తప్పేం లేదు. నాకూ అనిపించింది.

కానీ ఆ రోజు డిబేట్‌లో ఒక నిమిషం ఉంది, అది మన గ్రూపుల్లో ఎక్కడా తిరగలేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ మాట వచ్చింది. అక్కడి హైతీ వాళ్ళలో చాలామందికి చట్టప్రకారం ఉండే హోదా ఉందని యాంకర్ మార్గరెట్ బ్రెనన్ గుర్తుచేసింది. ఫ్యాక్ట్ చెక్ చెయ్యం అని రూల్ కదా అని వాన్స్ అడ్డు చెప్పాడు, ఆ హోదా ఇచ్చిన పద్ధతినే తప్పుపట్టాడు. మాటా మాటా పెరిగి చివరికి మైకులు కట్ చేశారు. ట్రంప్ డిబేట్‌కి ముందు రోజు ఆ పిల్లుల కథని సోషల్ మీడియాలో పెట్టినవాళ్ళలో వాన్స్ కూడా ఉన్నాడు. తర్వాత సీఎన్ఎన్‌లో, జనం బాధల్ని మీడియా పట్టించుకోవాలంటే కథలు సృష్టించాల్సి వచ్చినా సృష్టిస్తా అన్నాడు. వెంటనే, నా నియోజకవర్గం వాళ్ళు చెప్పిందే నేను చెప్పా అని వివరణ కూడా ఇచ్చాడు. మీరు ట్రంప్ ఫ్యాన్ అవ్వండి, హారిస్ ఫ్యాన్ అవ్వండి, నాకు ప్రాబ్లం లేదు. నేను అడిగేది ఒకటే. పేపర్లన్నీ కరెక్ట్‌గా ఉన్నా ఒక మనిషిని బయటోడు అనొచ్చా అనే ప్రశ్న ఆ నిమిషంలో నడిచింది. ఆ ప్రశ్న మన డేటన్ వాడిది కాదా? మనం అల్లుడి కోటు బాగుందని రీల్స్ చేసుకున్నాం.

డిబేట్ చూసి జనం రియాక్ట్ అవుతారు అనుకుంటాం కదా, చాలాసార్లు జరిగేది వేరు. ఇది ఇన్‌స్టా వచ్చాక మొదలైంది కూడా కాదు. 1976లో ఫోర్డ్, కార్టర్ డిబేట్. తూర్పు యూరప్ మీద సోవియట్ ఆధిపత్యం లేదు అని ఫోర్డ్ అనేశాడు. డిబేట్ అయిన వెంటనే ఫోన్ చేసి అడిగితే, చూసినవాళ్ళలో ఎక్కువమంది ఫోర్డే బాగా చేశాడన్నారు. తెల్లారి నుంచి టీవీలు, పేపర్లు ఆ ఒక్క మాటనే పట్టుకున్నాయి. ఆ రాత్రికల్లా జనం మాట మారిపోయింది, కార్టర్ గెలిచాడన్నారు. డిబేట్ అదే, మధ్యలో వచ్చింది క్లిప్పే. అప్పట్లో ఆ క్లిప్ కట్ చేసేది నాలుగు న్యూస్‌రూమ్‌లు. ఇప్పుడు నేను, నువ్వు, మన కాలనీ అంకుల్, అందరం కట్ చేస్తున్నాం.

ఇంకో విషయం. ఆ రాత్రి సీఎన్ఎన్ పోల్‌లో, డిబేట్ చూసినవాళ్ళలో 63 శాతం హారిస్ బాగా చేసిందన్నారు, 37 శాతం ట్రంప్ అన్నారు. నవంబర్‌లో గెలిచింది ట్రంప్, 312 ఎలక్టోరల్ ఓట్లతో. కాబట్టి ఎవరు గెలిచారు, ఎవరు రోస్ట్ అయ్యారు అని మనం కొట్టుకున్న ఆ రెండు రోజులు అక్కడ రిజల్ట్‌ని మార్చలేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ బళ్ళో పిల్లల్ని మాత్రం బయట నిలబెట్టాయి.

మరి మన హెచ్-1బి? 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ సంతకం పెట్టాడు. అప్పటి రేటుకి మన రూపాయల్లో దాదాపు 88 లక్షలు. ఆ శుక్రవారం రాత్రి మన సైడ్ చాలా ఇళ్ళల్లో ఎవరూ పడుకోలేదు. సెలవుల మీద వచ్చినవాళ్ళు టికెట్ల కోసం పరుగులు పెట్టారు. ఇది కొత్తవాళ్ళకే, ఒక్కసారి కట్టేదే అని మరుసటి రోజు వైట్‌హౌస్ క్లారిటీ ఇచ్చింది. దాదాపు ఏడాది ముందు మనం గంటన్నర డిబేట్ చూశాం. మన మీద పడేది ఏంటో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అడగలేదని మనం కూడా అనుకోలేదు.

లాస్ట్ మంత్ రైతు బజార్‌లో ఆంటీ కనిపించింది. కూరగాయల సంచి అందుకున్నా. నడుస్తుంటే తనే అడిగింది: "బిడ్డా, అప్పుడు నువ్వు చేసిన ఆ పిల్లుల వీడియో ఉండె కదా, అది మావోడు ఉండే ఊరి పక్కనేనంట కదా? వాడు నాకు చెప్పనే లేదు. నేను నవ్వుకుంటా వాడికే పంపిన."

"నాకు కూడా తెల్వదు ఆంటీ, చేసేటప్పుడు," అన్నా. అబద్ధం కాదు. కానీ తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు, నేను ఆ ఐదు నిమిషాలు పెట్టలేదు. అది ఆంటీకి చెప్పలేకపోయా, ఇప్పుడు మీకు చెప్తున్నా.

ఇప్పుడు నా ఛానల్‌కి ఒకటే రూల్ పెట్టుకున్నా. ఏ క్లిప్ కట్ చేసినా, దానికి ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు చూసే కట్ చేస్తా. అందులో ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్ళు ఎక్కడ ఉంటారో ఒకసారి వెతుకుతా. వ్యూస్ తగ్గాయా అంటే తగ్గాయి, దాచేదేం లేదు. మీరు క్రియేటర్ కాకపోయినా ఫార్వర్డ్ బటన్ అయితే మీ చేతిలో ఉంది కదా. అది నొక్కే ముందు ఒక్కసారి అనుకోండి, ఈ క్లిప్ తిరిగి తిరిగి ఎవరి ఫోన్‌లోకి పోతుంది అని.

డేటన్ వాడు ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ చదివాడు. పేరు వద్దన్నాడు, మిగతాది పెట్టుకో అన్నాడు. థాంక్యూ మామా. సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.