ప్రొపెల్లరు షాఫ్టు: పొదుపు చేయరాని చోటు
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో చదువును విడిచి మోటారు బండి షాఫ్టును గూర్చి మాటాడుచున్నామేమని మీరు ఆశ్చర్యపడవచ్చును. కారణము కలదు. మన కుడతిని మీదుగా బళ్ళారి–హొసపేట రహదారిపై రేయింబవళ్లు లారీలు తిరుగుచుండును. మన పిల్లలలో పలువురు షెడ్డులలో పని నేర్చినవారే. అట్టి పూర్వ విద్యార్థి ఒకడు తన పాత కారులో రెట్టింపు బలముగల ఇంజనును అమర్చి, షాఫ్టును మాత్రము పాత సామానుల అంగడిలో కొని, పొడవు చాలక ముక్క అతికించి బిగించెను. కొన్ని దినములకే ఆ అతుకు పరుగులో విరిగి, షాఫ్టు నేలకు జారెను. దైవానుగ్రహమున ప్రాణములు దక్కినవి. "లెక్క వేసి చూచితివా?" అని మేమడుగగా అతడు తల వంచుకొనెను. అతనికి గుణకారము నేర్పినవారము మేమే. దానిని బండికి అన్వయించుట నేర్పలేదు. ఆ లోపము మాది.

ఇంజను ముందుండి వెనుక చక్రములు లాగెడి బండ్లలో, గేరు పెట్టెనుండి వెనుక ఇరుసునకు శక్తిని చేర్చునది ఈ షాఫ్టు. లారీలలోను, 2014లో తయారీ నిలిచిన అంబాసిడరు కారులోను దీనిని చూడవచ్చును.

దీనిని ఎంచుకొనుటకు మొదట చూడవలసినది మెలిత్రిప్పు బలము, అనగా టార్కు. ఇంజను 200 న్యూటన్ మీటర్లు ఇచ్చి, మొదటి గేరు నిష్పత్తి 3.5 అయినచో, షాఫ్టుపై పడునది 700. ఇంజను బలము రెట్టింపైనచో 1400. క్లచ్చిని హఠాత్తుగా విడిచిన దెబ్బ అదనము. గొట్టము, క్రాసులు, అతుకులు అన్నియు దీనికి తాళవలెను.

రెండవది వేగము. ప్రతి షాఫ్టునకు ఒక ప్రమాద వేగము కలదు. దానిని సమీపించినచో నడుమ విల్లువలె వంగి ఊగును. అదే గొట్టము పొడవు రెట్టింపైనచో ఆ వేగము నాలుగవ వంతునకు దిగును. కావుననే లారీలలో షాఫ్టును రెండు ముక్కలు చేసి నడుమ సెంటరు బేరింగు ఉంచుదురు. గొట్టము లావైనకొలది ఆ వేగము పెరుగును. మన ఊరి థర్మల్ కేంద్రమున టర్బైను నిమిషమునకు 3000 సార్లు తిరుగును. వేగముగ పోవు కారు షాఫ్టు అంతకు రెట్టింపు తిరుగవచ్చును.

మూడవది కోణము. రెండు కొనలయందలి క్రాసుల కోణములు సమానముగను, ఫోర్కులు ఒకే వరుసలోను ఉండవలెను. లేనిచో బండి అదరును. కొలత తీయునపుడు బండి తన చక్రములపై నిలిచియుండవలెను, జాకీపై కాదు. చివరకు షాఫ్టును యంత్రముపై త్రిప్పి బ్యాలన్సు చేయించవలెను.

కార్బను ఫైబరు షాఫ్టు మిక్కిలి తేలిక. కాని వెల అధికము, రాతి దెబ్బకు ఓర్వదు. మన రోడ్లకు మంచి ఉక్కు గొట్టమే మేలు. దాని క్రింద ఒక ఇనుప కట్టు బిగించినచో, షాఫ్టు ఊడినను నేలకు గ్రుచ్చుకొనదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, అనుమతి లేక బండిని మార్చరాదనియు మరువరాదు.

తల్లిదండ్రులారా! కుమారుడు పెద్ద ఇంజనునకు ధనమడిగినపుడు కోపింపకుడు. "షాఫ్టు లెక్క చూపుము" అని మాత్రమడుగుడు. ఆ లెక్క వేయనేర్పు బాధ్యత ఇకమీదట మాది.