చీటీ లేని కూతురు



ఇవాళ పట్టా అందుకుంటున్న డాక్టర్లారా, రేపట్నుంచి ఈ ఎర్రగడ్డలో మీ ఓపీకి అరవై ఏళ్లావిడ నడుంనొప్పితో వస్తుంది. "మా అమ్మకు గూడ ఇట్లనే గూని వచ్చింది సారూ, మా ఇంట్ల ఆడోళ్లందరికీ ఇదే" అంటుంది. మందులు రాసే తొందరలో ఆ మాట జారవిడవకండి. ఎముక విరిగే ముప్పును లెక్కగట్టే ఫ్రాక్స్‌లో కన్నవాళ్ల తుంటి ఎప్పుడైనా విరిగిందా అన్నది ఒక ప్రశ్న. మన కేస్‌షీట్లలో "బాత్రూంలో జారిపడింది" అని రాసి వదిలేస్తాం. జారినవాళ్లందరికీ తుంటి విరగదు కదా!

ఎముక సాంద్రతలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 50 నుంచి 85 శాతం దాకా వంశపారంపర్యమేనని కవలల, కుటుంబాల అధ్యయనాలు తేల్చాయి. అదంతా ఒక్క జన్యువు చలవ కాదు. యూకే బయోబ్యాంక్ సమాచారంతో 2019లో వచ్చిన పరిశోధన 518 జన్యుస్థానాలను చూపింది. ఒక్కోదాని ప్రభావం రవ్వంత. ఎల్‌ఆర్‌పి5 జన్యువు సంగతి వేరు. అది పూర్తిగా పాడైతే పసితనంలోనే ఎముకలు విరుగుతాయి, చూపూ పోతుంది. ఇంకో రకంగా మారితే ఎముక మామూలుకంటే దట్టమవుతుంది. స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ లోపించిన దక్షిణాఫ్రికా కుటుంబాల గట్టి ఎముకలే, ఎముకలను గట్టిపరిచే రోమోసోజుమాబ్ మందుకు దారి చూపాయి.

అలాగని ఆవిడను జన్యుపరీక్ష ప్యాకేజీకి పంపకండి. ఆ శాతాలు ఎక్కువగా కడుపునిండా తినే దేశాలవి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం పేద మహిళల ఎముకలను పరిశీలించి 2005లో ప్రచురించింది. వాళ్లకు రోజూ అందిన కాల్షియం 300 మిల్లీగ్రాములు కూడా లేదు. పెద్దవాళ్లకు 1000 కావాలని ఇప్పుడు అదే సంస్థ చెబుతోంది. మరి గూని వంశానిదా, వంటింటిదా? అమ్మ నుంచి కూతురికి రెండూ సంక్రమించాయి. నన్నడిగితే, ఈ ఊళ్లో ముందు కంచం చూడాలి.

ఆవిడ ఎత్తు కొలవండి. వయసులో ఉన్నప్పటికంటే బాగా తగ్గితే ఎక్స్‌రే తీయించండి. వెన్నుపూస నొప్పి తెలియకుండానే నలిగి ఉండొచ్చు. పక్కన ఫైలు పట్టుకుని ఇరవై రెండేళ్ల కూతురు నిలబడి ఉంటుంది. చీటీ ఆమె పేరున ఉండదు. అయినా కూర్చోబెట్టి పాలు, పెరుగు, రాగులు తింటోందా, ఒంటికి ఎండ తగులుతోందా, నెలసరి సరిగ్గా వస్తోందా అని అడగండి. ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఆమె ఎముక ఇంకా పోగుచేసుకుంటూనే ఉంటుంది.