సైకిలు ప్రయాణము – రహదారి నియమములు

మోటారు నడుపుటకు లైసెన్సు కావలెను. సైకిలు త్రొక్కుటకు అక్కరలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము దృష్టిలో సైకిలు మోటారు వాహనము కాదు. పూర్వము పెక్కు పట్టణములలో పురపాలక సంఘమువారు సైకిలుకు పన్ను కట్టించుకొని రేకుబిళ్ళ యిచ్చెడివారు. రాత్రివేళ దీపము లేకున్నను, ఒక సైకిలుపై ఇద్దరెక్కినను పోలీసువారు ఆపెడివారు. ఆ బిళ్ళతోపాటు ఆ భయమును పోయినది. బాట నియమము మాత్రము పోలేదు.

అనంతపురము జిల్లాలో ఈ సంగతి మరింత ఆలోచింపదగినది. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను మెట్టసీమ మనది. హైదరాబాదు–బెంగుళూరు జాతీయ రహదారి, 2010లో మార్చువరకు 7వ సంఖ్య, నేడు 44వ సంఖ్య, గుత్తి, పామిడి, అనంతపురము, రాప్తాడుల మీదుగా పోవుచున్నది. నడుమ గట్టు కట్టి రాకపోకలను వేరుచేసినారు. ఊరొకవైపు, చేనొకవైపు ఉన్న రైతు ఆ గట్టు సందు దూరమని ఎదురుదారిలోనే సైకిలు త్రొక్కుచు పోవును. ఎదుట వచ్చునది కంటికి కనబడును గదా యని ఆయన వాదము. కాలినడకవారికి ఆ వాదము చెల్లును. వారు ఒక్క అడుగు ప్రక్కకు వేయగలరు. సైకిలు చక్రమో, అంచుననున్న గరుసులో దిగబడును.

లెక్క చూతము. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ సెకనుకు 22 మీటర్లు పోవును. గంటకు 15 కిలోమీటర్లు పోవు సైకిలు సెకనుకు 4 మీటర్లు పోవును. రెండును ఒకే దిశగా పోవునపుడు నడుమ దూరము సెకనుకు 18 మీటర్ల చొప్పున తరుగును. ఎదురెదురైనచో 26 మీటర్లు. కావున ఎడమ అంచే మనది. ప్రక్కన సర్వీసు రోడ్డున్నచో అదియే మేలు.

ఆషాఢపు గాలి సంగతియు చెప్పవలెను. రామగిరి కొండలపై గాలిమరలను త్రిప్పు పడమటిగాలియే అది. బెంగుళూరు వైపు పోవువాడు గాలికి ఎదురొడ్డి కుడికి ఒరిగి త్రొక్కును. లారీ ప్రక్కకు రాగానే గాలి చటుక్కున ఆగును. సైకిలు లారీవైపే తూలును. వెనుక చప్పుడు వినగానే వేగము తగ్గించి, చేతిపిడిని గట్టిగా పట్టుకొనవలెను.

ఇక చీకటి. 2020లో కేంద్రప్రభుత్వము వెలువరించిన ఉత్తర్వు ప్రకారము సైకిలు రిఫ్లెక్టర్లు భారతీయ ప్రమాణమునకు సరిపోవలెను. మంచిదే. కాని వెనుక క్యారియరుపై వేరుసెనగ బస్తాయో, గడ్డిమోపో వ్రేలాడుచుండగా ఆ ఎఱ్ఱబిళ్ళ ఎవరికి కనబడును? బరువును దానికి పైగా కట్టవలెను. వీలుకానిచో మోపు వెనుకనే మరియొక బిళ్ళ కట్టవలెను. బిళ్ళపై పేరుకొన్న ఎఱ్ఱమట్టిని తుడుచుటకు పంచె కొంగు చాలును. కంకులు రోడ్డుపై ఆరబోయువారును కొంచెము యోచింపవలెను: వారి కుప్పను తప్పించుకొనుటకే సైకిలువాడు నడిబాటకు వచ్చుచున్నాడు.

కుడికి తిరుగునపుడు ముందు వెనుకకు చూచి, పిదప కుడిచేయి చాచవలెను. రాకపోకలు ఎక్కువగా నున్నచో దిగి, సైకిలు నడిపించుకొని దాటవలెను. బడిపిల్లలకు ఈ తుదిమాట ఇంటివద్దనే చెప్పుడు.