మర్యాదనవ్వు

తండ్రి చెప్పిన కథనే మరల చెప్పినచో పిల్లలు మర్యాదకై నవ్వుదురు. ఆ మర్యాదనవ్వుతో తృప్తిపడని హాస్యకారుడు జెర్రీ సైన్‌ఫెల్డ్.

1998 ఆగస్టు 9వ తేదీన న్యూయార్కులోని బ్రాడ్‌హర్స్ట్ నాటకశాలలో ఆయన ఒంటరిగా నిలిచి ప్రసంగింపగా, హెచ్.బి.ఓ. టెలివిజన్ సంస్థ ప్రత్యక్షముగా ప్రసారము చేసెను. విమానప్రయాణము, టాక్సీ, అంగడి మున్నగు, అందరును చూచియు గమనింపని విషయములే ఆయన సామగ్రి. ఏండ్ల తరబడి నవ్వించిన ఆ చతురోక్తులను ఇక చెప్పరాదని ఆయన సంకల్పము. ప్రసారారంభమున వానికి అంత్యక్రియలు జరుపుచున్నట్లు వినోదదృశ్యమును గూడ చూపిరి.

2002లో వెలువడిన 'కమెడియన్' చిత్రమున ఆయనయే చిన్న క్లబ్బులలో క్రొత్త మాటలు పలుకబోయి, నడుమ మరచి తడబడును. ఆర్జించిన కీర్తి ఆ క్షణమున అక్కరకు రాలేదు; లోకమును మరల మొదటినుండి చూడవలసివచ్చెను.

చూపు పాతబడినచో, వినువారికి మిగులునది మర్యాదయే.