చౌడు నేలకు ఓర్చే వరి

1953లో తుంగభద్ర కాలువలకు నీరు వదిలాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఎందరో రైతులు సింధనూరు, గంగావతి ప్రాంతాలకు తరలివచ్చారు. క్యాంపులు వేసుకుని మెట్ట పొలాలను వరి మళ్లు చేశారు. నీరు వచ్చింది, పంట వచ్చింది. కొన్నేళ్లకు పల్లపు చేలల్లో తెల్లటి పొర కూడా వచ్చింది. మనం పాల చౌడు అంటాం, కన్నడంలో సవళు అంటారు. ఇంకిన కాలువ నీటితో అడుగునున్న నీటిమట్టం పైకి లేస్తుంది. నీరు ఆవిరైపోతుంది, అది మోసుకొచ్చిన ఉప్పు పైన మిగిలిపోతుంది.

ఈ ఉప్పును తట్టుకునే పైరు కోసం శాస్త్రజ్ఞులు పట్టిన దారుల్లో టిష్యూ కల్చర్, అంటే కణజాల వర్ధనం, ఒకటి. వడ్లగింజ పొట్టు తీసి, శుద్ధి చేసి, సీసాలో పోషకాలు కలిపిన అగార్ మీద ఉంచితే కొన్ని వారాల్లో కణాల ముద్ద పెరుగుతుంది. దాన్ని కాలస్ అంటారు. ఆ అగార్‌లో లీటరుకు 5 గ్రాములు, 10 గ్రాములు చొప్పున ఉప్పు పెంచుకుంటూ పోతారు. చాలా ముద్దలు నల్లబడి చచ్చిపోతాయి. బతికిన వాటి నుంచి మొక్కలు లేపుతారు. ఎకరాల కొద్దీ పొలంలో చేయవలసిన ఏరివేత ఒక బల్ల మీద జరుగుతుందన్నమాట.

అయితే కణం వేరు, మొక్క వేరు. సీసాలోని ముద్దకు వేరు లేదు, ఆకు లేదు, కంకి లేదు. చేలో వరి బతకాలంటే వేరు ఉప్పును అడ్డగించాలి, ఆకుదాకా రానివ్వకూడదు. పైగా నారు దశలో, పూత దశలో వరి ఉప్పుకు బొత్తిగా ఓర్వలేదు. అందుకే సీసాలో నిలిచినవన్నీ చేలో నిలవలేదు. కొన్నిటి ఓర్పు వాటి విత్తనంలోకి దిగనే లేదు.

మరి ఈ విద్య వృథాయేనా? కాదు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త పువ్వులోని పుప్పొడి తిత్తుల నుంచి మొక్కలు లేపారు. సంకరం చేసిన వరికి ఈ పద్ధతి వాడితే, ఆరేడు తరాలు పట్టే స్థిరత్వం ఒక్క తరంలో వస్తుంది. కేరళ తీరంలోని పొక్కాలి వరికి ఉప్పును ఓర్చే గుణం సహజంగానే ఉంది. ఆ వంశపు వరి నుంచి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఈ పద్ధతిలోనే తీసిన రకం 1990లలో అక్కడి రైతుల చేలకు చేరింది.

ఓర్చే విత్తనం వేసినా ఉప్పు నేలలోనే ఉంటుందని మరవకూడదు. ముందు మట్టి పరీక్ష చేయించండి. పాల చౌడైతే మంచినీటితో ఉప్పును కడిగి, మురుగు కాలువ ద్వారా బయటికి పంపాలి. ఆ నీరు పక్క చేలో నిలిస్తే చౌడు అక్కడికి మారుతుందే గాని పోదు. కనుక ఎగువ రైతు, దిగువ రైతు కలిసి కూర్చుని కాలువ తవ్వుకోవాలి. అప్పుడే మంచి విత్తనం తన గుణం చూపిస్తుంది.