వోచరు లేని మాట

(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక ఏం చేస్తున్నావని మిత్రులు అడుగుతుంటారు. ఈ మధ్య మా మనవరాలి సాయంతో తెలుగు వికీపీడియాలో సంజీవదేవ్ గారి వ్యాసానికి మెరుగులు దిద్దాలని కూర్చున్నాను. తెలుగులో విజ్ఞాన సర్వస్వం కావాలని మొదట నడుం కట్టినవారు కొమర్రాజు లక్ష్మణరావు గారు. పని సగంలో ఉండగానే 1923లో కన్నుమూశారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఆ పనికి ఎవరైనా చెయ్యి వేయవచ్చు. అయితే షరతు ఒక్కటే. రాసిన ప్రతి మాటకూ ఆధారం చూపాలి.

సూర్యదేవర సంజీవదేవ్ గారు మన జిల్లావారే. దుగ్గిరాల దగ్గరి తుమ్మపూడిలో 1914లో పుట్టారు, 1999లో కాలం చేశారు. చిత్రకారుడు, రచయిత, కళావిమర్శకుడు. హిమాలయాలు తిరిగారు. కులూ లోయలోని నగ్గర్‌లో రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ వద్ద గడిపారు. చివరకు సొంత ఊరికే వచ్చి, అక్కడి నుంచే దేశదేశాలకు ఉత్తరాలు రాశారు.

నేను ఆ ఊరికి నాలుగు మైళ్ల దూరంలో పెరిగినవాణ్ణి. ఇక నాకు తెలియనిదేముంది అనుకొని ఒక్క పూటలో మూడు పేజీలు రాశాను. మా మనవరాలు చదివి పదకొండు చోట్ల ఎర్ర సిరాతో గుర్తులు పెట్టింది. "తాతయ్యా, దీనికి ఆధారం ఏది?" అంది. "నేను చెబితే చాలదుటే?" అని కసిరాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో వోచరు లేదని ఎన్ని బిల్లులు వెనక్కి పంపానో గుర్తుకొచ్చింది. మన మిర్చి యార్డులోనూ అంతే కదా, టిక్కీ విప్పి కాయ చూడనిదే కొనేవాడు ధర చెప్పడు. పాఠకుడు మాత్రం నా మాటను మూట విప్పకుండా ఎందుకు కొనాలి?

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. ముందుగా ఆయన స్వీయచరిత్ర పట్టుకున్నాను. అది 'తెగిన జ్ఞాపకాలు', 'స్మృతిబింబాలు', 'గతంలోకి' అని మూడు భాగాలు. తరువాత మూడూ కలిపి 'తుమ్మపూడి' పేరుతో వచ్చాయి. ఇక్కడొక మెలిక ఉంది. విడి పుస్తకంలోని పేజీ సంఖ్య కలిపి వేసిన దానిలో సరిపోదు. అందుకే రచయిత, పుస్తకం, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం, ఏ ముద్రణ, ఏ పేజీ, ఇవన్నీ రాయాలి. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ వేసినట్టన్నమాట.

స్వీయచరిత్ర గట్టి ఆధారమే. ఎక్కడ తిరిగారో, ఎవరిని చూసి ఏమనుకున్నారో ఆయనకన్నా బాగా చెప్పేవారు లేరు. కాని ఆయన చిత్రాల విలువ చెప్పడానికి ఆయన మాట చాలదు, ఇతరుల విమర్శ కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చిందని రాస్తే, ఆ విశ్వవిద్యాలయం కాగితమో ఆనాటి పత్రికో చూపాలి. "అందరూ మెచ్చిన మహా చిత్రకారుడు" అని రాశాను. ఎవరా అందరూ? ఆ వాక్యం నేనే కొట్టేశాను.

పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లాను. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. ఆ ఊరు 1970 దాకా గుంటూరు జిల్లా, తరువాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. పాత కాగితంలో జిల్లా పేరు వేరుగా ఉందని తప్పనుకోకూడదు. తేదీ చూసుకోవాలి. మరొకటి కూడా అక్కడే నేర్చుకున్నాను. నాలుగు వ్యాసాలు ఒకే సంగతి చెబుతుంటే నాలుగు సాక్ష్యాలని సంబరపడ్డాను. పక్కపక్కన పెట్టి చూస్తే వాక్యాలు కూడా అవే! ఒక దస్తావేజుకు పది నకళ్లు తీసినంత మాత్రాన పది దస్తావేజులు కావు.

చిత్రాల ఫోటోలు పెడదామంటే అదీ సులువు కాదు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన తరువాత అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే 2059 చివరి దాకా హక్కుదారుల అనుమతి కావాలి.

మా నాన్నగారి నోట విన్న ఒక ముచ్చటను కూడా తీసేయవలసి వచ్చింది. మనసు చివుక్కుమంది. అది అబద్ధమని కాదు, చూపించడానికి కాగితం లేదు. ఎవరి నోట, ఏ ఊళ్లో, ఎప్పుడు విన్నానో రాసి, సంతకం చేసి, తేదీ వేసి దాచాను. నాన్నగారు ఉన్నప్పుడే రాయించి ఉంటే ఎంత బాగుండేది!

నేను ఇవాళ ఇక్కడ నిలబడింది ఆ మాట చెప్పడానికే. మనందరం ఎనభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లం. మీ ట్రంకు పెట్టెలో ఆయన ఉత్తరం ఉండవచ్చు, పాత సభ కరపత్రం ఉండవచ్చు, ఫోటో ఉండవచ్చు. చిత్తు కాగితాలవాడికి వేయకండి. ఫోటో వెనుక పెన్సిలుతో పేర్లు, తేదీ రాయండి. గ్రంథాలయానికి ఇవ్వండి. జ్ఞాపకాలుంటే మన వార్తాలేఖకు పేరుతో రాసి పంపండి. అచ్చయితే రేపు ఎవరైనా "ఫలానా వారు ఇలా రాశారు" అని చూపగలుగుతారు.

ఏటా మనం బతికున్నామని మనకే లైఫ్ సర్టిఫికెట్ కావాలి. వెళ్లిపోయిన కళాకారుడికి ఆ కాగితం ఇవ్వవలసింది మనమే.