ఆకాశమునుండి పైరు పరామర్శ

పైరు ఎట్లున్నదో తెలిసికొనుటకు మన పెద్దలకు గట్లవెంట నడచుట యొక్కటే మార్గము. కరణములును పట్వారీలును పొలములు తిరిగి, ఏ సర్వే నంబరున ఏ పైరున్నదో అడంగలునందో పహాణీయందో వ్రాసెడివారు. నేడు ఆ పనిలో వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములును పాలుపంచుకొనుచున్నవి. వానికి పైరెట్లు కనబడును? కనబడిన పచ్చదనమంతయు పంటయేనా? ఈ రెండు ప్రశ్నలను మనము విచారింతము.

ఆకునందలి పత్రహరితము సూర్యకాంతిలోని ఎఱ్ఱని వెలుగును ఆహారము తయారుచేసికొనుటకై గ్రహించును. మన కంటికి కానరాని పరారుణ కిరణములను మాత్రము ఆకు చాలవఱకు వెనుకకు పంపివేయును. వట్టి నేల యట్లు చేయదు. కావున ఈ రెండు వెలుగుల భేదమును వాని మొత్తముచే భాగించినచో పచ్చదనమునకు ఒక కొలత లభించును. ఉదాహరణమునకు, ఒక వరిమడి నూటికి 40 పాళ్లు పరారుణమును, 8 పాళ్లు ఎఱుపును వెనుకకు పంపినచో ఆ కొలత 0.67 అగును. దున్నిన నేల 25, 20 పాళ్లు పంపినచో 0.11 మాత్రమే. నాట్లు మొదలు కోతవఱకు ఈ అంకెలను వరుసగా గుర్తించినచో, పైరు ఎదుగుటయు ముదురుటయు పండుటయు ఒక గీతగా మనకు గోచరించును.

మన దేశమున ఈ విద్యకు తొలి పరీక్షలలో నొకటి 1970 ప్రాంతమున కేరళ కొబ్బరితోటలలో జరిగినది. ఆచార్య పిషరోటి బృందము హెలికాప్టరునుండి పరారుణ ఫిల్ముపై చిత్రములు తీసి, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తించెను. 1988 మార్చి 17న మన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహము కక్ష్య చేరినది. నేడు హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము ఉపగ్రహములు పంపు సమాచారమును షాద్‌నగరువద్ద అందుకొనుచున్నది.

అయితే వానకాలపు వరికి ఒక చిక్కు గలదు. పైరు ఎదుగు దినములలోనే ఆకాశము మబ్బుపట్టి యుండును. దీనికి రాడార్ ఉపాయము. 2012లో శ్రీహరికోటనుండి ఎగసిన రిసాట్-1 వంటి ఉపగ్రహములు తామే తరంగములను పంపి, తిరిగివచ్చినవానిని కొలుచును. మబ్బులు వానికి అడ్డుగావు. దమ్ముచేసి నీరు నిలిపిన మడి అద్దమువలె వానిని ప్రక్కకు మళ్లించును; గనుక చిత్రమున నల్లగా కనబడును. పిలకలు దట్టమైనకొలది తెల్లబారును. ఈ మార్పునుబట్టి నాట్లు ఎప్పుడు పడినవో గ్రహింపవచ్చును.

ఇంత తెలిసినను పచ్చదనము వేరు, పంట వేరు. వరిలో మొలచిన ఊదయు పచ్చగానే యుండును. మెడవిరుపు తగిలిన వరియందు ఆకు పచ్చగా నుండగనే వెన్ను తాలుగా మిగులవచ్చును. ఆకులు దట్టముగా క్రమ్మిన పిమ్మట మన కొలత పెద్దగా పెరుగదు. మంచి పైరునకును మేలైన పైరునకును గల భేదము దానికి అంతగా తెలియదు.

ఈ లోటు తీర్చునది పంటకోత ప్రయోగము. చీటి తీసినట్లు ముందే ఎన్నుకొన్న చోట, వరికి సాధారణముగా 5 మీటర్ల చదరమును కొలిచి, కోసి, నూర్చి, తూచెదరు. ఎకరమున ఇట్టి చదరములు 160కి పైగా ఇముడును. అనగా అచ్చట ఒక్క కిలో తప్పినచో, ఎకరపు లెక్కలో 75 కిలోల బస్తాలు రెండింటికి మించి తప్పును. 2016లో మొదలైన ప్రధానమంత్రి పంటల బీమా పథకమున విస్తృత నష్టమునకు పరిహారము ఆ ప్రాంతపు సగటు దిగుబడినిబట్టి నిర్ణయింపబడును. గనుక ఆ తప్పు ఒక్క రైతుతో పోదు, ఊరందఱిపై పడును.

ఉపగ్రహము వేల ఎకరములను ఒక్కమారు చూచి, పైరు ఎక్కడ ఏపుగానున్నదో, ఎక్కడ వెనుకబడినదో చెప్పును. ఆ రెండు విధములైన పొలములనుండియు విస్తీర్ణమునకు తగిన పాళ్లలో చోట్లు ఎన్నుకొన్నచో, కొద్ది కోతలతోనే నమ్మదగిన సగటు లభించును. ఆ తూకములే మరల ఉపగ్రహపు అంచనాలను సరిదిద్దును. కావున కోతనాడు మన ఊరికి కొలతకు వచ్చినవారికి బాగున్న మడినో, చెడిన మడినో చూపి చోటు మార్పింపరాదు. దగ్గఱ నిలిచి త్రాడు సరిగా పట్టిరా, గింజ రాలకుండ నూర్చిరా, తూకము సరిగా వ్రాసికొనిరా యని చూచుట మనవంతు పని.